తమ్ముడికి నెయ్యి, నాకు సంగటి

మా ఇంట్లో ఎవరు ముందు తినేవాళ్లు, ఎవరి కంచంలో ఏముండేది అని నన్ను ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. మొన్న తిరుపతిలో ఒక పిల్లల డాక్టరు అడిగింది. అదీ నన్ను కాదు, నా పక్కన కూర్చున్న సునీతను. సునీత నా తమ్ముడు మోహన్ కూతురు. పెళ్లయి ఏర్పేడులో ఉంటుంది. దాని కూతురు హాసినికి తొమ్మిదేళ్లు. బడిలో పిల్లలందరి ఎత్తూ బరువూ చూసి, ఈ పిల్ల బరువు వయసుకు మించి ఉంది, డాక్టరుకు చూపించండి అని చీటీ రాసి పంపారు. ఆ చీటీ పట్టుకుని తల్లీకూతుళ్లు పొద్దున్నే బస్సెక్కి నా దగ్గరికి వచ్చారు. నేను టీచరుగా రిటైరయి తిరుపతిలోనే ఉంటున్నాను. ఆస్పత్రి పని ఏదొచ్చినా మా వాళ్లందరూ ముందు నా ఇంటికే వస్తారు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. హాసినితో కాసేపు బడి గురించీ స్నేహితుల గురించీ మాట్లాడి, బయట బొమ్మల పుస్తకాలున్నాయి చూసుకోమని పంపింది. తర్వాత సునీతను ఒక్కొక్కటే అడిగింది. అందరూ కలిసి తింటారా, విడివిడిగానా? ముందు ఎవరికి పెడతారు? తినేటప్పుడు చేతిలో ఫోను ఉంటుందా? పాప వద్దంటే ఇంకో ముద్ద బలవంతంగా పెడతారా? ఏడిస్తే ఏమిస్తారు? మార్కులొస్తే ఏం కొనిపెడతారు? సునీత తప్పు చేసినదానిలా తల దించుకుని జవాబులు చెప్పింది. డాక్టరు ఒక కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. రాగులు, జొన్నలు, పప్పు, ఆకుకూరలు. కూల్‌డ్రింకుల బదులు నీళ్లు. బడికి వీలైనంత నడక. సాయంత్రం ఒక గంట ఆట. పెందలాడే నిద్ర. రాసింది సునీత చేతికిచ్చి, "ఇదంతా పాపకు కాదమ్మా, మీ ఇంటికి. ఇంట్లో అందరూ ఇట్లా తింటేనే పాపా తింటుంది. దాన్ని ఒక్కదాన్ని పక్కన పెట్టొద్దు" అంది. సునీత తల ఊపింది. నేనూ ఊపాను. నిజం చెప్పాలంటే ఆ చివరి మాట నా చెవిలో పడిందే గాని లోపలికి దిగలేదు. నా కళ్లు ఆ కాగితం మీద పై వరసల దగ్గరే ఆగిపోయాయి. అందులో రాసినవన్నీ చిన్నప్పుడు నాకు పడిన శిక్షలు.

ఆటోలో ఇంటికి వస్తుంటే సునీత, "నీకేం అత్తా, ఆ కాలం తిండి తిన్నావు. ఈ వయసులోనూ ఒక్క మాత్ర మింగే పని ల్యా నీకు" అంది. ఈ మాట నాకు కొత్త కాదు. నేను పనిచేసిన బళ్లలో నాకన్నా చిన్నవాళ్లు మెట్లెక్కలేక ఆయాసపడుతూ, నన్ను చూసి ఈ మాటే అనేవాళ్లు. రాగి సంగటి తిన్న ఒళ్లు మేడమ్ మీది, అనేవాళ్లు. అన్నవాళ్లలో ఒక్కరిని కూడా నేను ఇంతవరకు కొట్టలేదు. అది నా మంచితనం అనే అనుకుంటాను.

మాది నగరి. నేతపని వాళ్ల వీధి. నాకు ఊహ తెలిసేటప్పటికే నాయన చేతి మగ్గాలు తీసేసి కరెంటు మగ్గాలు పెట్టాడు. తెల్లవారి మొదలైన చప్పుడు పొద్దు కుంకేదాకా ఆగేది కాదు. ఇంట్లో ఎవరు మాట్లాడాలన్నా అరిచే మాట్లాడాలి. అరవడం ఇష్టం లేని మా అమ్మ అందుకే మాట్లాడడం మానేసిందేమో అనిపిస్తుంది నాకు. ముందు గదిలో నూలుకు పెట్టిన గంజి వాసన, మగ్గాల దగ్గర మిషను నూనె వాసన, వెనక వంటింట్లో రాగిపిండి ఉడికే వాసన. ఈ మూడు వాసనలనూ తలుచుకుని కళ్లు తుడుచుకునేవాళ్లు ఉంటారు. నేను ఇప్పటికీ గంజి పెట్టిన చీర కట్టను.

వంటింటి పెత్తనం జేజిది. నాయన తల్లిని మేం జేజి అని పిలిచేవాళ్లం. వండేది అమ్మే అయినా, ఎవరికి ఏది ఎంత పెట్టాలో చెప్పేది జేజి. రోజూ రెండు పొయ్యిలు వెలిగేవి. పెద్ద పొయ్యి మీద సంగటి సట్టి, చిన్న పొయ్యి మీద ఇత్తడి గిన్నెలో అన్నం. అన్నం మోహన్‌కు, నాయనకు. సంగటి అమ్మకు, నాకు. అబద్ధం చెప్పకూడదు కాబట్టి చెబుతున్నాను, జేజి కూడా సంగటే తినేది. మొదట మోహన్ తినాలి, తర్వాత నాయన. వాళ్ల ఎంగిలి ఎత్తాక మేము. సంగటి ముద్దలో వేలితో గుంట చేసి, అందులో నెయ్యి పోసుకుని తిన్నామని ఈ మధ్య చాలామంది రాస్తున్నారు, చదువుతున్నాను. మా ఇంట్లో నా ముద్దలో గుంట ఉండేది, నెయ్యి ఉండేది కాదు. చెనిక్కాయల ఊరిబిండి, అంటే రోట్లో నూరిన వేరుశనగ పచ్చడి, ఇంత వేసేవాళ్లు. లేనిరోజు పచ్చి మిరపకాయా ఉప్పురాయీ. నెయ్యి డబ్బా నాకు అందని గూట్లో ఉండేది. దాన్ని దించేది జేజి, దించేది మోహన్ కోసం.

మోహన్ నాకన్నా మూడేళ్లు చిన్న. వాడి రోజు ఎట్లా గడిచేదో చెబితే ఇప్పటి తల్లులకు కొత్తగా ఏమీ అనిపించదు. లేవగానే చక్కెర వేసిన పాలు. కాసేపటికి వీధిలో ఇడ్లీలమ్మే ఆమె దగ్గర తెచ్చిన ఇడ్లీలు, మీద నెయ్యి. బడికి పోయేటప్పుడు జేబులో నిప్పట్లు. ఆ జేబు బరువుకు చొక్కా ఒక పక్కకు జారేది. మధ్యాహ్నం పప్పూ నెయ్యీ కలిపిన అన్నం జేజి తన చేత్తో ముద్దలు చేసి పెట్టేది. వాడు నోరు మూసుకుంటే రెండు బుగ్గలూ నొక్కి తెరిపించేది. నాయన పేరు చెప్పి ఒకటి, తాత పేరు చెప్పి ఒకటి, కొండ మీద దేవుడి పేరు చెప్పి ఒకటి. పేర్లు అయిపోతే వీధిలో వాళ్ల పేర్లు మొదలయ్యేవి. వాడు కిందపడి ఏడిస్తే బెల్లం ముక్క. జ్వరమొచ్చి ఏడిస్తే బన్ను. నాతో పోట్లాడి ఏడిస్తే మైసూర్‌పాకు. ఏ ఏడుపుకైనా జేజి దగ్గర మందు ఒకటే. వాడికి ఏడుపుకూ ఆకలికీ తేడా తెలియకుండా చేసింది ఆమె. పెద్దయ్యాక కూడా వాడికి దిగులేస్తే చేయి తినేదాని మీదికే పోయేది.

నా రోజు వేరు. వీధి చివర కొళాయి దగ్గర నుంచి చంకలో బిందె పెట్టుకుని నాలుగుసార్లు తిరిగేదాన్ని. తర్వాత నూలు కండెలు చుట్టేదాన్ని. బడికి నడక. మోహన్ సంచీ కూడా నేనే మోసేదాన్ని, ఎందుకంటే మోస్తే వాడు వాడిపోతాడు. వాడు కూడా నాతో కొళాయికి వస్తానని మారాం చేసేవాడు. చిన్న చెంబు పట్టుకుని వాకిలిదాకా వచ్చేవాడు. జేజి చెంబు లాక్కుని వాడిని అరుగు మీద కూర్చోబెట్టేది. వీధిలో పిల్లలంతా మట్టిలో పొర్లుతుంటే వాడు అరుగు మీద నుంచి చూసేవాడు, నోట్లో ఏదో ఒకటి నములుతూ. పోయేవాళ్లు వచ్చేవాళ్లు ఆగి, మీ మోహనుడు ఎంత ముద్దుగా ఉండాడని బుగ్గ గిల్లేవాళ్లు. ఆ సాయంత్రం జేజి మిరపకాయలతో వాడికి దిష్టి తీసేది. నన్ను చూసి ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, నాకు దిష్టి తీయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

జేజికి కారణం ఉంది. నాయనకు ముందు ఆమెకు ఇద్దరు మగబిడ్డలు పుట్టి, చెడ్డ కరువులో పోయారు. జ్వరంతో పోయారనేది ఒకసారి, తిండి లేక పోయారనేది ఒకసారి. కట్టెపుల్లల మాదిరి కాళ్లు ఉండినాయి వాళ్లకు, అని మాత్రం ఎప్పుడూ ఒకే రకంగా చెప్పేది. అందుకే మోహన్ తొడలు తడిమి చూసుకుని మురిసిపోయేది. ఇదంతా పెద్దయ్యాక మా మేనత్త చెబితే తెలిసింది. తెలుసుకుంటే కోపం పోతుందని చెప్పేవాళ్లున్నారు, నాకు పోలేదు. బిడ్డలు ఆకలితో పోవడం చూసిన మనిషికి, అదే ఇంట్లో తిరుగుతున్న ఇంకో బిడ్డ ఆకలి ఎందుకు కనపడలేదో ఆమె నాకు చెప్పి పోయుండాల్సింది.

ఒకరోజు జరిగింది ఇక్కడ చెప్పాలి. అప్పుడు నాకు పదేళ్లు, వాడికి ఏడు. ముసురు పట్టి ఉంది. జేజి పెరట్లో తడుస్తున్న పిడకలు ఎత్తిపెట్టడానికి పోయింది. మోహన్ ముందు నెయ్యన్నం, నా ముందు ఇంకా పొగలు పోని సంగటి, ఊరిబిండి. మా వైపు కంచాన్ని తట్ట అంటాం. వాడు తన తట్టను నా వైపు జరిపాడు.

"అక్కా, నీ ముద్ద నాకిస్తావా? నాది నువ్వు తీసుకో."

నేను రెండోసారి అడిగించుకోలేదు. వాడు సంగటి ముద్దను కాల్చుకుంటూ, ఊదుకుంటూ, ఊరిబిండి వేలితో నాకుతూ తిన్నాడు. అంత ఇష్టంగా వాడు తినడం నేను మళ్లీ చూడలేదు. నేను మూడు ముద్దలు తిన్నాను. వేడన్నంలో కరిగిన నెయ్యి, పప్పు, కాస్త ఉప్పు. నాలుగో ముద్ద నోటి దగ్గర ఉండగా జేజి వచ్చింది. సంగటి కెలికే కట్టె ఆమె చేతికి ఎట్లా వచ్చిందో తెలియదు. మోచేతి మీద మొదటి దెబ్బ పడేటప్పటికి నా చేతిలో ముద్ద గోడకు కొట్టుకుంది.

"మగబిడ్డ నోటికాడి కూడు లాక్కోని తింటాండావా. నీ కడుపు కాల."

నేను మోహన్ వైపు చూశాను. నేనే అడిగినాను జేజీ అని ఒక్క మాట అంటే చాలు. వాడి పెదాల మీద ఇంకా సంగటి ఉంది. వాడు గోడ వైపు తిరిగాడు. కండెలు చుడుతున్న అమ్మ నా ఏడుపు విని వంటింటి గడపదాకా వచ్చింది, చూసింది, మళ్లీ పోయి రాట్నం ముందు కూర్చుంది. జేజి కట్టె పక్కన పారేసి, మోహన్ ముందు ఇంకో తట్ట పెట్టి నిండా అన్నం వడ్డించింది. వాడి కడుపులో అప్పటికే పెద్ద ముద్ద సంగటి ఉంది. వాడు తల అడ్డంగా ఊపుతున్నా బుగ్గలు నొక్కి, పేర్లు చెప్పి, ఆ తట్ట ఖాళీ చేయించింది. తర్వాత వాడు గడప దగ్గర వాంతి చేసుకున్నాడు. కడిగింది నేనే, వాచిన చేత్తో. ఆ రోజు నుంచి మోహన్ మీద నాకున్న కోపం నలభై ఏళ్లకు పైగా ఎక్కడికీ పోలేదు.

వాడిమీద నేను తీర్చుకున్నదీ ఉంది. బడిలో వాడిని డ్రమ్ము అని పిలిచేవాళ్లు. ఆటల పీరియడులో వాడు మైదానం పక్కన మిగతా పిల్లల చొక్కాలకూ చెప్పులకూ కాపలా కూర్చునేవాడు. ఒకసారి ఆటల పోటీలప్పుడు సారుకు ఏం బుద్ధి పుట్టిందో, అందరూ పరిగెత్తాలని వాడిని కూడా గీత దగ్గర నిలబెట్టాడు. మిగతావాళ్లు అవతలి గీత దాటేశారు, వాడు సగం దూరంలో ఉన్నాడు. నిక్కరు జారుతుంటే ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేయి ఊపుకుంటూ వస్తున్నాడు. మైదానమంతా నవ్వింది. విజిల్ వేయాల్సిన సారు నవ్వు ఆపుకోలేక విజిల్ వేయలేదు. ఆడపిల్లల వరసలో నేనూ నవ్వాను. అందరికన్నా గట్టిగా నవ్వాను. వాడు నన్ను చూశాడు. చూసి, అక్కడే ఆగిపోయి, గీత దాకా రాకుండానే నడుచుకుంటూ ఇంటికి పోయాడు. ఆ సాయంత్రం జేజి వాడికి పూర్ణం ఓళిగలు చేసి పెట్టింది. తర్వాత వాడు ఏ మైదానంలోకీ పోలేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసి మగ్గాల దగ్గర కూర్చున్నాడు. కూర్చున్నాడు అంటే నిజంగానే కూర్చున్నాడు, ముప్పై ఏళ్లపాటు.

నేను చదువుకున్నాను. మా ఇంట్లో ఆడపిల్లను చదివించాలని ఎవరూ అనుకోలేదు, వద్దనేంత పట్టింపు కూడా ఎవరికీ లేకపోవడం వల్ల చదివాను. ఉద్యోగం వచ్చి, పెళ్లయి, నా వంటిల్లు నాకు వచ్చాక రాగిపిండిని గడప లోపలికి రానివ్వలేదు. మా ఆయనకు సంగటి ఇష్టం. పాపం హోటల్లో తినేవాడు. ఈ మధ్య తిరుపతిలో పెద్ద పెద్ద హోటళ్లలో సంగటిని అరిటాకు మీద పెట్టి, పక్కన నాటుకోడి పులుసుతో గొప్పగా వడ్డిస్తున్నారు. కార్లలో వచ్చి తింటున్నారు. వాళ్లకు అది మళ్లీ దొరికిన పాత రుచి. దాన్ని చూస్తే నా మోచేయి సలుపుతుంది. నా ఒళ్లు గట్టిగా ఉన్న మాట నిజమే, కాదనను. కాని ఆ గట్టితనాన్ని ఎవరూ నాకు ప్రేమతో ఇవ్వలేదు. నామీద ఖర్చు దండగ అనుకున్నారు, ఆ అనుకోవడం నా ఒంటికి మేలు చేసింది. దానికి నేను ఎవరికి దండం పెట్టాలి?

మోహన్‌కు ముప్పై రెండేళ్లకే షుగరు వచ్చింది. అప్పటికి జేజి లేదు. ఆమె లేకపోయినా ఆమె చేయి వాడి నోటి దగ్గరే ఉండిపోయింది. డాక్టరు వద్దన్నవన్నీ దాచుకుని తినేవాడు. కాలికి పుండు లేచి మానలేదు. ముందు వేళ్లు తీశారు, తర్వాత మోకాలి కిందికి కాలు తీశారు. చిత్తూరు ఆస్పత్రిలో వాడి దగ్గర నేను వారం రోజులు ఉన్నాను. ప్రేమతో ఉన్నానని చెప్పలేను, వాడి భార్యకు తోడు ఎవరూ లేరు. ఒక మధ్యాహ్నం ఆమె మందులు తేవడానికి పోయినప్పుడు, ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎత్తని మాట వాడు ఎత్తాడు.

"అక్కా, ఆ పొద్దు నేనే అడిగినానని జేజికి చెప్పుంటే నీకు దెబ్బలు తప్పుండును."

"చెప్పలేదు కదా."

"భయమేసినాది."

"నిన్నెందుకు కొడుతుంది? నిన్ను ఎప్పుడైనా కొట్టినాదా?"

"కొట్టదు. ఇంకో తట్ట పెడతాది."

నలభై ఏళ్లకు పైగా నేను ఒక వైపు నుంచే చూసిన గడప అది. వాడు దాని అవతల నుంచి చూశాడని నాకు తోచనే లేదు. మైదానంలో నవ్వినందుకు ఆ క్షణంలోనే వాడికి క్షమాపణ చెప్పి ఉండాల్సింది. నర్సు వచ్చింది, కట్టు మార్చింది, మాట మారిపోయింది. ఆరు నెలలకు వాడు పోయాడు. యాభై నాలుగేళ్లు.

సునీతకు ఇవేవీ తెలియవు. వాళ్ల నాయన చిన్నప్పుడు ఎంత గారాబంగా పెరిగాడో మాత్రం తెలుసు. డాక్టరుకు చూపించిన నెలకు, పిల్ల ఎట్లా ఉందో చూసి వద్దామని నేను ఏర్పేడు వెళ్లాను. సునీత భర్త గిరికి మెయిన్‌రోడ్డు మీద బేకరీ ఉంది. ఆ పక్కన పెద్ద కాలేజీ క్యాంపస్ ఉండడంతో పిల్లల బేరం బాగా సాగుతుంది. సాయంత్రం మిగిలిన పఫ్‌లు, క్రీం బన్నులు ఒక అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెస్తాడు. మంచివాడే, కష్టపడతాడు. నేను వెళ్లిన రోజు పొద్దు కుంకగానే తినడానికి కూర్చున్నాం. హాల్లో బల్ల మీద మాకు పరోటా, కుర్మా, ఆ అట్టపెట్టె. టీవీ నడుస్తూ ఉంది. హాసిని కనపడలేదు. ఏదని అడిగితే సునీత వంటింటి వైపు చూపించింది. అక్కడ స్టూలు మీద, మాకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది పిల్ల. ఒళ్లో తట్ట, తట్టలో సంగటి, ఆకుకూర. ఇటు తిరిగితే ఇవన్నీ కనపడతాయని అట్లా కూర్చోబెట్టిందట.

సునీత గొంతు తగ్గించి, నేను మెచ్చుకుంటానని చూస్తూ, "నీ మాదిరే పెంచతా ఉండా అత్తా. దినమూ సంగటే" అంది. మొన్న ఫ్రిజ్‌లో నుంచి పఫ్ తీసుకుని వాషింగ్ మిషను వెనక దాక్కుని తింటూ దొరికిందని, నాలుగు తగిలించానని కూడా చెప్పింది. గిరి నవ్వుతూ, "ఏయ్ గుండూ, అయిపోయిందా లేదా" అని వంటింటి వైపు కేకేశాడు. పిల్ల వీపు కదల్లేదు. నమలడం మాత్రం ఆపింది.

నేను పరోటా ఉన్న తట్టను పక్కకు తోసేశాను. అప్పుడు వచ్చింది నాకు కోపం. ఎవరి మీద అని విడదీసి చెప్పలేను. జేజి మీద, అమ్మ మీద, నా ముందు కూర్చున్న ఈ ఇద్దరి మీద, డాక్టరు చెప్తున్నప్పుడు విననందుకు నా మీద. దాన్ని ఇక్కడికి తెచ్చి కూర్చోబెట్టండి, లేదంటే మీరు ముగ్గురూ పోయి ఆ గోడ వైపు కూర్చోండి అన్నాను. పిల్లతో కలిపితేనే ఇంట్లో ఉన్నది ముగ్గురని కోపంలో మరిచిపోయాను.

గిరి నవ్వు ఆపాడు. "అత్తా, డాక్టరు రాసిచ్చింది దానికి. మాకేం జబ్బు?"

"దానికి కాదు, ఇంటికి రాసిచ్చింది. నీ పెండ్లాము విన్లేదు, నేనూ విన్లేదు."

"పొద్దస్తమానం అంగట్లో నిలబడి వస్తా ఉండా. ఇంటికొచ్చి నాకు నచ్చింది తినేదానికి కూడా ల్యా?"

"తిను. అంగట్లో తినేసి రా. ఆ బిడ్డను గోడకు తిప్పి మాత్రం తినొద్దు."

తర్వాత సునీతకు అంతా చెప్పాను. రెండు పొయ్యిలు, సంగటి కట్టె, గడప దగ్గర వాంతి, మైదానం, ఆస్పత్రిలో వాళ్ల నాయన అన్న మాట. నేను నవ్విన సంగతి కూడా దాచలేదు. ఒక బిడ్డను తిండి పెట్టి వేరు చేసినారు, ఒక బిడ్డను పెట్టక వేరు చేసినారు, మీరిప్పుడు ఒకే బిడ్డకు రెండూ చేస్తున్నారు అన్నాను. సునీత ఏడ్చింది. గిరి చేయి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. హాసిని తట్ట పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. పిల్ల ముందు అనకూడని మాటలు కొన్ని అనే ఉంటాను. మర్నాడు పొద్దున్నే కాళహస్తి నుంచి వచ్చే బస్సెక్కి తిరుపతి వచ్చేశాను. బస్టాపుదాకా ఎవరూ రాలేదు.

రెండు నెలలు ఫోను లేదు. నేనూ చేయలేదు. తర్వాత సునీతే చేసింది. అట్టపెట్టె ఇంటికి రావడం ఆగిందని, మిగిలినవి అంగట్లో పనిచేసేవాళ్లే పట్టుకుపోతున్నారని చెప్పింది. నా మాటలు గిరి మనసుకు తగిలాయేమోనని ఒక నిమిషం గర్వపడ్డాను. అదేం లేదు. బేకరీ పక్కన ఎవరో ఉచితంగా రక్తం పరీక్షలు చేస్తుంటే సరదాగా వేలు చాపాడట, షుగరు జబ్బు మొదలయ్యే గీత దగ్గరే ఉందన్నారట. బిడ్డ వీపు చూస్తే రాని భయం అతనికి తన నెత్తురు చూస్తే వచ్చింది. రానీ, ఎట్లా వచ్చినా నాకు సమ్మతమే. ఇప్పుడు ముగ్గురూ ఒకే వేళకు, ఒకే వంట తింటున్నారు. టీవీ ఆపుతారు, ఫోన్లు లోపలి గదిలో పెడతారు. మొదట్లో రోజూ పోట్లాటే. గిరికి సంగటి గొంతు దిగదని వారంలో సగం రోజులు జొన్నరొట్టెలు చేస్తుంది. తిన్నాక ముగ్గురూ క్యాంపస్ గేటుదాకా నడిచి వస్తారు. సెలవు రోజుల్లో హాసిని సైకిలు నేర్చుకుంటోంది. ఇంట్లో దాన్ని ఎవరూ గుండు అని పిలవడం లేదు, గిరికి అప్పుడప్పుడు నోరు జారుతుందట. మళ్లీ డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడు నేనూ వెళ్లాను. బరువు తగ్గలేదు, పెరగనూ లేదు, ఎత్తు మాత్రం పెరిగింది. ఈ వయసులో అది చాలు అంది డాక్టరు. బన్ను తినాలనిపిస్తే ఏం చేస్తావని పిల్లనే అడిగింది. పుట్టినరోజుకు తింటాను, బల్ల దగ్గర కూర్చుని తింటాను అని చెప్పింది హాసిని.

పోయిన నెల నన్ను భోజనానికి పిలిచారు. పిలిచింది గిరి. నాతో సరిగ్గా రెండు మాటలే మాట్లాడాడు గాని, బస్టాపుకు స్కూటరు తెచ్చాడు. నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. సునీత సంగటి తెచ్చి పెట్టింది. నాకు అన్నం పెట్టు అని నోటిదాకా వచ్చింది. అందరికీ ఒకటే అని అరిచి వెళ్లిన మనిషిని నేనే కాబట్టి మింగేశాను. నలభై ఏళ్ల తర్వాత సంగటి తిన్నాను. అమోఘంగా ఉందని రాయడం నాకు చేతకాదు. బాగా ఉడికింది, ఉప్పు సరిపోయింది. జేజి మీద నా కోపం ఆ ముద్దతో కరిగిపోయిందని కూడా రాయను, కరగలేదు.

వడ్డించే పని ఆ ఇంట్లో ఇప్పుడు వంతుల ప్రకారమట. ఆ రోజు వంతు హాసినిది. గిన్నె చంకలో పెట్టుకుని ముందు వాళ్ల నాయన దగ్గరికి వెళ్లి చాలా, ఇంకా కావాల్నా అని అడిగింది. ఆయన చాలన్నాడు. దాటిపోయింది. వాళ్లమ్మను అడిగింది, సగం గరిటె పెట్టింది. తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అవ్వా, నీకు చాలా? ఇంకొంచెం కావాల్నా?"

నగరి ఇంట్లో మోహన్‌ను ఎవరూ చాలా అని అడగలేదు. నన్ను ఎవరూ కావాలా అని అడగలేదు. అరవై మూడేళ్లు వచ్చాయి నాకు. ముందు నా తట్టలోకి చూసుకున్నాను, తర్వాత ఆ పిల్ల మొహంలోకి చూశాను. అది తొందరపెట్టలేదు, గరిటె పైకెత్తి పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది. నాకు కడుపు నిండిపోయింది. అయినా, కొంచెం పెట్టు అన్నాను.